తండాలో సాయంకాలపు బడి

విద్యాదానమును మించిన దానము లేదని పెద్దలు చెప్పగా వినని గృహిణి మనలో నుండదు. మేమును చిన్ననాటినుండి ఆ మాట వినుచునే పెరిగితిమి. కాని యీ దానము చేయబోయిన చోట, ఇచ్చువారికంటె పుచ్చుకొనువారే యెక్కువ యోర్పు వహింపవలసి వచ్చునని మాకు ముప్పదియైదేండ్లు నిండువరకు తెలియలేదు. అది తెలిసిన విధమును సోదరీమణులతో చెప్పుకొనవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా పుట్టినిల్లు గోదావరీతీరమునందలి ధర్మపురి. తండ్రిగారు సంస్కృతపండితులు. మమ్ము బడికి పంపక యింటనే అమరము, రఘువంశము, పోతనగారి భాగవతము చదివించిరి. పెండ్లియైన పిదప మా యింటివారు బడిపంతులగుటచే ఊరూర తిరుగుట యలవాటైనది. 2024 జూలైలో వారికి సంగారెడ్డి జిల్లా నారాయణఖేడు ప్రాంతమునకు బదిలీ యయ్యెను. ఆ సీమ కర్ణాటకమును ఆనుకొని, మహారాష్ట్రమునకు దగ్గరగా నున్నది. అంగడిలో కూరగాయలు బేరము చేయునప్పుడు తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ నాలుగును ఒక్కసారిగా చెవిని పడును. అయిదవ భాష యొకటి కలదని మాకు అప్పుడు తోచలేదు.

మేము కాపురమున్న యూరికి మూడు కిలోమీటర్ల దూరమున నొక తండా కలదు. తండా యనగా లంబాడీల పల్లె. వారు తమ్ము తాము గోర్ అని చెప్పుకొందురు. పూర్వకాలమున ఎద్దులమీద ఉప్పును ధాన్యమును వేసికొని దేశములు తిరిగి యమ్మినవారు. రైళ్లును రోడ్లును వచ్చిన పిమ్మట ఆ వ్యాపారము చెడి, ఎక్కడివారక్కడ నిలిచి సేద్యములోను కూలిలోను దిగిరి. తెలంగాణములో వారిని షెడ్యూల్డు తెగలలో చేర్చినది 1976 నాటి చట్టము. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టముతో అనేక తండాలు తమకు తామే గ్రామపంచాయతీలైనవి. మేము చెప్పు తండాలో అయిదవ తరగతి వరకు సర్కారు బడి యున్నది, పంతులు ఒక్కరే. పగలు అయిదు తరగతులను ఒక్కరే చూచుకొను చోట వెనుకబడిన పిల్లలు వెనుకనే యుండిపోదురు గదా! ఇంటికి పోయి అడుగుదమన్న, తల్లిదండ్రులకు అక్షరము రాదు. అందువలన ఆ తండాలోనే పుట్టి డిగ్రీలు చదివిన యువకులు కొందరును, ఉద్యోగము విరమించిన ఉపాధ్యాయులిద్దరును కలిసి, సేవాలాల్ మహారాజ్ గుడి ప్రక్కనున్న రేకుల గదిలో సాయంకాలము అయిదు మొదలు ఏడు గంటల వరకు ఉచితముగా చదువు చెప్పు కేంద్రము నొకదానిని పెట్టిరి. స్త్రీ యెవరైన లేనిదే ఆడుపిల్లలను పంపుటకు తల్లులు సంకోచించుచున్నారట. మా యింటివారు ఒక రాత్రి భోజనమువేళ ఈ సంగతి చెప్పి, “నీకు చదువు చెప్పుట వచ్చును గదా, వారమునకు రెండు దినములు పోయి రారాదా?” యనిరి. వచ్చునా రాదా యని మేము ఆలోచింపనే లేదు. అమరకోశము కంఠస్థమైనవారికి అక్షరమాల చెప్పుట యొక లెక్కయా యనుకొంటిమి!

శ్రావణమాసములో మొదలుపెట్టితిమి. తండాలో అప్పుడు తీజ్ పండుగ. కన్నెపిల్లలు బుట్టలలో మన్ను పోసి గోధుమలు చల్లి తొమ్మిది దినములు నీరు పోసి మొలకలు పెంచుదురు. ఆ పాటల నడుమ మా మొదటి పాఠము జరిగెను. పిల్లలు ముప్పదియేడుగురు. గోడకు పెద్ద అక్షరమాల తగిలించి, బెత్తముతో చూపుచు, “అ అమ్మ, ఆ ఆవు” అనిపించితిమి. గది రేకులు అదరునట్లుగా అనిరి. మేము మిక్కిలి సంతోషించి యింటికి వచ్చి, పదునైదు దినములలో గుణింతము లోనికి పోవుదుమని మా యింటివారితో గొప్పగా చెప్పితిమి. ఆయన నవ్వి యూరకుండిరి.

నెల గడిచెను. కోరసుగా అనుమన్న వారందరు అందురు. ఒక్కొక్కరిని లేపి అక్షరము మీద వ్రేలు పెట్టి అడిగిన, పటములోని బొమ్మను చూచి చెప్పుదురు. బొమ్మను చేతితో మూసిన నోరు మూయుదురు. వారిలో నొక బాలిక, తొమ్మిదేండ్లుండును, అసలు పెదవి విప్పినది కాదు. పేరడిగిన చెప్పును, అంతే. ప్రక్కన ఏడేండ్ల తమ్ముని కూర్చుండబెట్టుకొని, ఒడిలో ఏడాది నిండని చెల్లెలిని వేసికొని, మావంక కన్నార్పక చూచుచుండెడిది. చంటిపిల్లను ఎత్తుకొని రావలదని మొదటి వారమున మేము మందలించితిమి. మరుసటి దినము రాలేదు. అటుపిమ్మట మేమే కబురు పంపితిమి. ఆరు వారములు చూచి, పాపము, ఇది మందమతి యని మనసులో తీర్మానించుకొంటిమి. మనసులోనే కాదు, కేంద్రపు హాజరుపట్టికలో ఆమె పేరునకు ఎదురుగా “గ్రహణశక్తి తక్కువ” యని మా చేతితోనే వ్రాసితిమి. ఆ వ్రాత యిప్పటికిని ఆ పుస్తకములో నున్నది. కొట్టివేసితిమి గాని, కొట్టివేత క్రింద అక్షరములు కనబడుచునే యున్నవి.

ఒకనాడు వాన పట్టుటచే పెద్దవారు ఆలస్యముగా వచ్చిరి. పిల్లలకు పెట్టవలసిన శనగగుగ్గిళ్లు పెద్ద గిన్నెతో వచ్చినవి, పంచువారు లేరు. తండా యువకుడొకడు ఆ బాలికను పిలిచి వారి భాషలో నేదో చెప్పెను. ఆమె గిన్నెవంక నొకసారి, పిల్లలవంక నొకసారి చూచి, చంటిదానిని తమ్మునికి అప్పగించి, గడగడ మాటాడుచు పిల్లలను అయిదుగురేసి గుంపులుగా కూర్చుండబెట్టి, గుంపునకొక పళ్లెము చొప్పున ఏడు పళ్లెములు నింపినది. ఆమె చెప్పిన మాట నేమని యడిగితిమి. ఆ యువకుడు తెలుగులో చెప్పెను: “ఏడు గుంపులు పోంగ ఇద్దరు మిగుల్తరు, ఆ ఇద్దరు నేను, మా తమ్ముడు, మేం గిన్నెల అడుగుది తింటం అంటున్నది.”

ముప్పదియేడును అయిదుచే భాగించగా ఏడు, శేషము రెండు! ఈ లెక్కనే ముందటి వారమున పలకమీద వేసి, భాగహారము, విభాజ్యము, శేషము అని మేము గంటసేపు చెప్పగా ఆ పిల్ల బొమ్మవలె కూర్చుండెను. మేము ఆశ్చర్యపడి, ఇన్ని దినములు మాటరాని దాననుకొంటిమే యంటిమి. ఆ యువకుడు, “దానికి మాటలు రాక కాదు టీచరమ్మా, మీ మాటలు రాక” అనెను. వాని స్వరములో నిష్ఠురము లేదు. ఉన్న కొంత బాగుండెడిదేమో!

ఆ రాత్రి మేము నిద్రపోలేదు. రఘువంశము చదివినవారము, ఆరు వారములుగా ముప్పదియేడుగురు పిల్లల యెదుట తెలియని భాషలో మాటాడి, వారికి తెలివి లేదని వ్రాసికొంటిమి. మనలో నెవరినైన తీసికొనిపోయి, ఒక్క ముక్క తెలియని దేశమున బడిలో కూర్చుండబెట్టి, పటము చూపి “చెప్పు, చెప్పు” మన్న మనమేమి చెప్పగలము?

మరునాటినుండి మేము విద్యార్థినులమైతిమి. మాకు గురువు ఆ బాలికయొక్క అవ్వ. చేతులనిండ గాజులు, నుదుట పచ్చబొట్టు, పండ్లు లేని నోరు. ఆమె గడపలో కూర్చుండి మేము ఒక్కొక్క వస్తువును చూపి అడుగుచుండ చెప్పెడిది. మేము నోటుపుస్తకములో తెలుగు లిపిలో వ్రాసికొనెడివారము. తల్లి యాడి. రొట్టె బాటి. నీరు పాణి. ఆవు గావ్డి. గోర్ బోలి యనబడు ఆ భాష రాజస్థానపు భాషలకు చుట్టము. మన తెలుగునకు చుట్టము కాదు. దానికి తనదైన లిపి లేదు. ఏ రాష్ట్రములో నున్నవారు ఆ రాష్ట్రపు లిపిలో వ్రాసికొందురు. మా యుచ్చారణము విని అవ్వ పొట్ట పట్టుకొని నవ్వెడిది. పిల్లలు చేరి మమ్ము దిద్దెడివారు. పాఠశాలలో పంతులమ్మ తప్పు చెప్పి పిల్లలచేత దిద్దించుకొనుట మర్యాదకు లోపమని మొదట మాకును తోచినది. కాని అంతవరకు పెదవి కదపని పిల్లలు మమ్ము దిద్దుటకై నోరు తెరచిరి. అంతకంటె వేరు మర్యాద యేమున్నది?

తరువాత అక్షరమాల పటమును చుట్టి మూల పెట్టితిమి. అ అమ్మ యనుటలో అర్థమున్నది, అమ్మను అమ్మ యని పిలుచు పిల్లకు. యాడి యని పిలుచు పిల్లకు ఆ బొమ్మ తన తల్లి కాదు. ఎవరో చీరకట్టిన యావిడ. అందుచే యాడి, బాటి, పాణి యను మూడు మాటలతో మొదలుపెట్టితిమి. మూడు మాటలలో అక్షరములారు: యా, డి, బా, టి, పా, ణి. ఆ యారింటిని అట్టముక్కలమీద వ్రాసి, కలిపి విడదీయుచు ఆడించితిమి. పా తీసి బా పెట్టిన నేమగును? టి తీసి డి పెట్టిన నేమగును? అర్థములేని మాట వచ్చినప్పుడు పిల్లలు విరగబడి నవ్వెడివారు. నవ్విరనగా చదివిరన్నమాటయే గదా! అకారముతో మొదలుపెట్టలేదని మా తండ్రిగారు వినిన బాధపడెడివారేమో. వారమునకు ఆరేసి మాటలు చేర్చుకొనుచు, ప్రతి గోర్ మాట ప్రక్కను దాని తెలుగు మాటను వేరు రంగు బలపముతో వ్రాసితిమి: పాణి, నీళ్లు, బాటి, రొట్టె. అర్థము ముందే తెలిసిన మాటకు తెలుగు పేరు పెట్టుట పిల్లలకు కష్టము కాలేదు. లెక్కలు మొదట వారి భాషలోనే నోటితో చేయించి, చింతగింజలతో సరిచూచి, ఆ పిదపనే పలకమీద తెలుగులో వ్రాయించితిమి. దసరా నాటికి ఆ మాటలేని బాలిక చిన్నవాక్యములు చదివినది. ముప్పదియేడుగురిలో ఇరువదిమందికి పైగా అక్షరములు గుర్తుపట్టిరి. తక్కినవారు పట్టలేదు, వారిలో కొందరు రోజు విడిచి రోజు వచ్చువారు, ఒకడు చూపు సరిలేనివాడు. వానికి కండ్లద్దములు పెట్టించుటకే రెండు నెలలు పట్టినది.

ఇది మేము కనిపెట్టిన పద్ధతి యనుకొనకుడు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు (1863–1940) కొండలలోని సవరలకు చదువు చెప్పవలెనన్న ముందు తాము సవరభాష నేర్వవలెనని యెంచి, ఆ భాష యెరిగినవారిని ఇంట నుంచుకొని నేర్చి, అందులో పాఠపుస్తకములు వ్రాసి, సవరపిల్లలకు బడులు పెట్టించిరి. వారి సవరభాషావ్యాకరణము 1931లో అచ్చయినది. వ్యావహారికభాషకై జీవితమెల్ల పోరాడిన ఆ మహనీయుని గ్రాంథికములో పొగడుచున్నందుకు పాఠకురాండ్రు నవ్వుకొనవచ్చును. పుట్టింట నేర్చిన నడక మానలేకున్నాము. 1956లో రాజ్యాంగమున చేర్చిన 350ఎ అధికరణమును, 2009 నాటి విద్యాహక్కు చట్టమును, 2020 నాటి జాతీయ విద్యావిధానమును, పసిపిల్లలకు వీలైనంతవరకు మాతృభాషలో చెప్పుడనియే చెప్పుచున్నవి. ఆంధ్రప్రదేశము ఒక్కటిగా నున్నప్పుడు 2004లో ఎనిమిది గిరిజనభాషలలో ప్రాథమికపాఠములు చెప్పించు ప్రయత్నము మొదలైనది. అందులో లంబాడీభాషయు నొకటి. కాగితముమీద నున్నది తండాలోని రేకుల గదికి నడచి రావలెనన్న ఎవరో యొకరు మోసికొని రావలెను.

మేము చేసిన తప్పు ఇంకొకటి కలదు; చెప్పుటకు సిగ్గైనను చెప్పెదము. రెండవ నెలలో మా యింటి పాతబట్టలు మూటగట్టి తీసికొనిపోయి పిల్లలను వరుసగా నిలిపి పంచితిమి. మరునాడు ఒక తల్లి, మేమిచ్చిన గౌనును ఉతికి మడతపెట్టి తెచ్చి మా చేతిలో పెట్టి, “చదువుకు తోలినం, బట్టలకు కాదు టీచరమ్మా” అని పోయెను. ఇట్టి పనికి బోదలచిన సోదరీమణులు పాతబట్టల మూటను కొన్నాళ్లు ఇంటనే యుంచుట మంచిది. దానికి బదులు, వత్తుమని చెప్పిన దినమున తప్పక పోవలెను. ప్రతిదినము వత్తుమని రెండు వారములు పోయి మానుకొనువారికంటె, మంగళవారము శుక్రవారము మాత్రమే వత్తుమని ఏడాది పొడుగున పోవువారు మేలు. పిల్లలు దినములు లెక్కపెట్టుకొందురు. మాకు జ్వరము వచ్చి రెండు దినములు పోకున్న, మూడవసారి పోయినప్పుడు “ఇక రావనుకున్నం” అనిరి. వారిని విడిచిపోయినవారు మాకు ముందు నలుగురున్నారట.

ఇంక అసలు కష్టము. ఆ సంవత్సరము దీపావళి అక్టోబరు చివర వచ్చినది. దీపావళి దాటగానే తండా ఖాళీ యగును. చెరకు నరుకుటకు సంగారెడ్డి జిల్లాలోని చక్కెర కర్మాగారముల ప్రాంతమునకును, కర్ణాటక మహారాష్ట్రములకును వలసపోవుదురు. తిరిగి వచ్చుట ఉగాది ముందువెనుకలుగా. ముకద్దము అనబడు మేస్త్రీ వానకాలముననే అడ్వాన్సు ఇచ్చియుండును. భార్యాభర్తలను కలిపి ఒక కోయతా యని లెక్క. కోయతా యనగా కొడవలి. తెల్లవారకముందే ఆలుమగలు తోటలో దిగుదురు. నరికిన చెరకు మోపులు కట్టి బండి కెత్తువరకు పని. చంటిపిల్ల తల్లిపాలు త్రాగునది గనుక వెంట రావలెను. తల్లి కొడవలి పట్టగా ఆ చంటిదానిని గుడిసెలో చూచుటకు పెద్దపిల్ల రావలెను. ఆ పెద్దపిల్లయే మన బాలిక.

మేమును మా యింటివారును వారి గుడిసెకు పోయితిమి. వలసపోవువారి పిల్లలకై పాఠశాలలో ఆరునెలలు నడుపు వసతిగృహము సంగతి చెప్పితిమి. కొడుకును చేర్చుటకు తండ్రి వెంటనే ఒప్పుకొనెను. కూతురిమాట వచ్చునప్పటికి అవ్వవంక చూచెను. మేము చట్టము చెప్పితిమి, ఆమె తెలివి చెప్పితిమి, గుగ్గిళ్ల లెక్క చెప్పితిమి. అవ్వ అంతయు విని, “అన్నీ నిజమే. మరి చంటిదాన్ని నువ్వు జూస్తవా, టీచరమ్మా?” అనెను.

మాకు జవాబు రాలేదు. అవ్వ గెలిచితినని నవ్వలేదు. మాకు చాయ కాచి యిచ్చెను. వారము తిరుగకముందే లారీ వచ్చినది. తమ్ముడు బడిగేటు వద్ద నిలువబడి చూచుచుండెను. మేము ఆ బాలికకు ఒక పలక, రెండు నోటుపుస్తకములు ఇచ్చితిమి. అంతకంటె చేయలేకపోతిమి.

2025 ఉగాదికి తిరిగి వచ్చిరి. నోటుపుస్తకములలో నొకటి తడిసి పోయినది. రెండవదానిలో నాలుగు పుటలు మాత్రము నిండియున్నవి. అందులో ఎక్కువ భాగము తల్లిదండ్రులు దినమునకు కట్టిన మోపుల లెక్క. ఒక దినమున ముకద్దము తక్కువ వేసినాడని తండ్రికి ఆమెయే చెప్పినదట. ఆ మాట తండ్రి మాకు రెండుసార్లు చెప్పెను. కాని వత్తులన్నియు మరచినది. చదువుటలో తమ్ముడు ఆమెను దాటిపోయినాడు. ఆమె మావద్దకు వచ్చి అట్టముక్కలు తానే తీసి, మొదటినుండి, యా డి అని పేర్చుకొనెను. మేము ప్రక్కన కూర్చుండితిమి గాని ఏమియు చెప్పలేదు.

ఇప్పుడు ఆమెకు పదేండ్లు. వేసవినుండి మరల వాక్యములు చదువుచున్నది. కొత్తగా చేరిన ఆరుగురు పసివారికి గోర్ మాటలతో అక్షరములు చూపునది ఆమెయే. చంటిది నడచుచున్నది, పాలు మానినది. కనుక ఈ యేడు దానిని తల్లివెంట పంపనక్కరలేదని మా వాదము. అవ్వకు చూపు తగ్గినది. పసిదాని వెనుక పరుగెత్తలేనని ఆమె వాదము. అంగన్వాడీ ఆయమ్మతో మాటాడినాము. మూడేండ్లు నిండనిదే దినమంతయు కూర్చుండబెట్టుకొనుట కష్టమని చెప్పుచు, మేము తోడుండిన చూతమనెను. ఉదయము ఎనిమిది మొదలు పండ్రెండు వరకు మేము చూతుము, పిమ్మట కేంద్రపు యువకుల యిండ్లలోని స్త్రీలు వంతులు వేసికొందురు అని యొక యేర్పాటు అనుకొన్నాము. మా యింట వంట మా యింటివారు చేసికొనవలసి వచ్చును. ఒప్పుకొన్నారు, చారు పెట్టుట నేర్చుకొనుచున్నారు.

దసరా అక్టోబరు రెండవ తేది. ముకద్దము మొన్న ఆదివారము తండాకు వచ్చి పోయెనని విన్నాము. అవ్వను కలిసి మా వంతుల పట్టిక చదివి వినిపించితిమి. “పండుగ పోనీ, జూద్దాం” అనెను. అడ్వాన్సు తీసికొన్నారో లేదో అడుగుటకు మాకు ధైర్యము చాలలేదు. శుక్రవారము బడిలో ఆ బాలికను అడుగుదుము.